మసి వేరు, అరుగుదల వేరు

మన నగరమున కారు గల ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడుచుండును: "ప్లగ్గులు తోమించితిమి, ఇక కొంతకాలము చింత లేదు." ఈ మాటను నేనును పదేండ్లపాటు పలికితిని. ఇది సగము నిజము, సగము పొరపాటు. ఆ సగపు పొరపాటునకు నేను చెల్లించుకొన్న వెలను గూర్చియు, దానివలన తెలిసికొన్న సంగతిని గూర్చియు మన పాఠశాల పత్రికలో వ్రాయవలెనని తోచినది. మన తరగతులలో కూర్చుండు పిల్లలలో పలువురి తండ్రులు టాక్సీలు, ఆటోలు నడుపువారు. కొందరు గ్యారేజీలలో పనిచేయువారు. బండి ఒకదినము ఆగినచో ఆ దినపు కూలి పోవును. అట్టి ఇండ్లలో ఈ విషయము వినోదముకొఱకు చదువుకొనునది కాదు.

స్పార్క్ ప్లగ్గు బొటనవ్రేలికన్న కొంచెము పొడవైన వస్తువు. నడుమ తెల్లని పింగాణి గొట్టము, దానిలో ఒక లోహపు కడ్డీ, చుట్టును మరలు చెక్కిన ఉక్కు తొడుగు, ఆ తొడుగు అంచునుండి వంగి కడ్డీకి ఎదురుగా నిలిచిన చిన్న కొక్కెము: ఇంతియే దాని స్వరూపము. కడ్డీకిని కొక్కెమునకును నడుమ ఒక మిల్లిమీటరుకు అటునిటుగా సందు ఉండును. కొన్ని వేల వోల్టుల విద్యుత్తు ఆ సందును దాటి దూకినపుడు నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వ పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి మండించును. 1860లో ఫ్రాన్సు దేశమున లెన్వారు నిర్మించిన ఇంజనులోనే విద్యుత్తు రవ్వతో ఇంధనమును మండించిరి. నేటి ప్లగ్గునకు దారితీసిన అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును 1902లో రాబర్ట్ బాష్ సంస్థయందలి ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ సిద్ధపరచెను.

ఈ కథలో మన బెంగళూరునకును చోటు కలదు. ప్రకాశము సీమలోని మోక్షగుండము పూర్వికుల ఊరుగా గల విశ్వేశ్వరయ్యగారు 1930ల దశకమున మన దేశములోనే మోటారు కార్లు తయారు కావలెనని ప్రణాళిక వేసి, విదేశములకు పోయి కర్మాగారములను చూచి వచ్చిరి. నాటి పాలకులు తోడ్పడలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో బాష్ సంస్థ సహకారముతో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడినది. ఆడుగోడిలోని దాని కర్మాగారమును "మైకో" అని ఊరంతయు పిలిచినది. స్పార్క్ ప్లగ్గులకు ఆ పేరు ఇంటింటి పేరైనది. 2008లో సంస్థ పేరు బాష్ లిమిటెడ్ అని మారినను మైకో లేఅవుట్ అను పేరు నేటికిని నిలిచియున్నది. ఆ బస్సు ఎక్కి దిగు పిల్లలలో ఆ పేరు ఎక్కడినుండి వచ్చినదో ఎరిగినవారెందరో యొకమారు తరగతిలో అడిగి చూడవలెను.

ఇక అసలు సంగతి. ప్లగ్గునకు రెండు విధములైన కీడు కలుగును. ఒకటి, దానిపై మసియో నూనెయో పేరుకొనుట. రెండవది, రవ్వ దూకి దూకి లోహము అరిగిపోవుట. మొదటిది ఇంజను తీరును తెలుపును. రెండవది ప్లగ్గు వయసును తెలుపును. ఈ రెండింటిని ఒకటిగా తలచుటయే మన పొరపాటు. మసి పట్టినదానిని పారవేసి క్రొత్తది బిగింతుము. మసికి కారణమును మాత్రము వెదకము. అరిగినదానిని ఉప్పుకాగితముతో తోమి మరల బిగింతుము. తోమినచో మెరయును గదా, మెరసినది బాగైనదని నమ్ముదుము.

అరుగుదల ఎట్లు జరుగునో చూడుడు. క్రొత్త ప్లగ్గులో నడుమ కడ్డీ చివర చదునుగా, అంచు పదునుగా నుండును. విద్యుత్తు పదునైన అంచునుండి తేలికగా దూకును. రవ్వ దూకిన ప్రతిపర్యాయము కంటికి కనబడనంత లోహము ఎగిరిపోవును. కొంతకాలమునకు ఆ అంచు గుండ్రనై, బాగుగా వ్రాసిన బలపపు మొనవలె నగును, సందు పెరుగును. సందు పెరిగినకొలది, అంచు మొద్దుబారినకొలది, దాటుటకు ఎక్కువ వోల్టేజి కావలసివచ్చును. ఇగ్నిషన్ కాయిలు ఇచ్చుటకు ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటిన నాడు రవ్వ దూకదు. ఎత్తు ఎక్కునపుడు, బరువు లాగునపుడు ఇంజనులోని ఒత్తిడి ఎక్కువగుట వలన ఇంకను ఎక్కువ వోల్టేజి అవసరమగును. కనుకనే అరిగిన ప్లగ్గులు గల కారు సమనేలపై బాగుగా పోయి, ఫ్లైఓవరు ఎక్కునపుడు ఎక్కిళ్లు పెట్టును. దీనినే మెకానిక్కులు "మిస్సింగు" అందురు.

సాధారణమైన నికెల్ ప్లగ్గులు ముప్పది, నలువది వేల కిలోమీటర్లకు మార్చవలెనని కార్ల పుస్తకములలో వ్రాసియుందురు. ఆ లెక్క మన ఊరికి సరిపోదని నా అభిప్రాయము. ఏలయన ప్లగ్గు కిలోమీటర్లను ఎరుగదు, రవ్వలనే ఎరుగును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో చక్రము రెండు చుట్లు తిరిగిన ఒక రవ్వ. హోసూరు దాటిన పిమ్మట రాజమార్గమున గంటకు 80 కిలోమీటర్ల వేగమున, నిమిషమునకు 3,000 చుట్లతో పోవు కారును తలపుడు. నిమిషమునకు 1,500 రవ్వలు, గంటకు 90,000. అనగా కిలోమీటరునకు 1,125. అదే కారు సిల్క్ బోర్డు కూడలి పరిసరములలో ఆగుచు కదలుచు గంటకు 20 కిలోమీటర్ల వేగమున, సగటున 1,500 చుట్లతో ప్రాకినదనుకొనుడు. గంటకు 45,000 రవ్వలు, కిలోమీటరునకు 2,250. సరిగా రెట్టింపు. ముప్పది వేల కిలోమీటర్లకు రాజమార్గపు ప్లగ్గు మూడుకోట్ల ముప్పదియేడు లక్షల పైచిలుకు రవ్వలు వెలిగించగా, మన నగరపు ప్లగ్గు ఆరుకోట్ల డెబ్బదియైదు లక్షలు వెలిగించినది. సంఖ్యలు నేను ఉదాహరణకు గైకొన్నవి. ఎనిమిదవ తరగతివారు తమ ఇంటి కారు సంఖ్యలు పెట్టి మరల చేసి చూడవచ్చును. నిదానముగా పోవునపుడు ఒత్తిడి తక్కువ గనుక ఒక్కొక్క రవ్వవలన కలుగు అరుగుదల కొంత తక్కువయే యగును. అయినను ఓడోమీటరును మాత్రమే నమ్మి కూర్చుండుట పొరపాటని ఈ లెక్కయే చూపుచున్నది. సీ.ఎన్.జీ., ఎల్.పీ.జీ. వాయువులతో నడచు ఆటోలు, టాక్సీల సంగతి ఇంకను కఠినము. వాయు మిశ్రమమును మండించుటకు పెట్రోలునకు కన్న ఎక్కువ వోల్టేజి కావలెను. వాని యజమానులు పుస్తకమున చెప్పిన దూరమునకు ముందుగానే విప్పి చూచుట మేలు.

నా కథ యిది. నా యొద్ద 2003వ సంవత్సరపు మారుతి 800 ఒకటి, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి వచ్చినది, యుండెను. దానిలో మూడే సిలిండర్లు, మూడే ప్లగ్గులు. ఒకటి మానినచో ఇంజను బలములో మూడవవంతు పోవును. నాలుగు సిలిండర్ల కారువలె సర్దుకొని పోలేదు. ఉదయము స్టార్టు చేయుటకు రెండు మూడు మారులు తాళము త్రిప్పవలసి వచ్చినపుడు నేను ప్లగ్గులు తోమించితిని. కొన్ని వారములు బాగుండెను. మరల తోమించితిని. మూడవమారు తోమించిన నాటికి సందు ఎంతయున్నదో కొలుచువారు లేరు, కొలువుమని అడుగువాడనును నేను కాను. తోముటకు ఇచ్చినది స్వల్పము. క్రొత్తవాని వెల మిగిలినదని సంతోషించితిని.

పిమ్మట ఒక ఆదివారము కుటుంబముతో నందికొండ ఎక్కుచుండగా కారు వణకసాగెను. డాష్ బోర్డుపై ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని దీపము మినుకుమినుకుమనెను. దిగునపుడు ఆరునులే యని ఉపేక్షించితిని. అట్లే కొన్ని వారములు నడిపితిని. రవ్వ దూకని సిలిండరులోని పెట్రోలు మండక సైలెన్సరు వైపునకు పోవును. ఆ దారిలో పొగను శుభ్రపరచు కెటలిటిక్ కన్వర్టరు అను పెట్టె ఉన్నది. మండని పెట్రోలు అక్కడ మండి దానిని మితిమీరి కాల్చును. లోపలి జల్లెడవంటి పింగాణి కరగి మూసుకొనిపోవును. నా కారునకు ఇదియే జరిగినది. పొగ పోవుటకు దారిలేక కారు కదలలేదు. క్రొత్త కన్వర్టరు వెలలో నా జీవితకాలమునకు చాలునన్ని ప్లగ్గులు కొనియుండవచ్చును. అంతకుముందు ఆ వారములన్నియు నేను ఊరిగాలిలో విడిచిన మండని పెట్రోలు లెక్క వేరుగా నున్నది.

తోమినవారిని నేను నిందింపను. తోముమని అడిగినది నేనే. చివరకు విడిభాగముల దుకాణములు బారులు తీరిన జె.సి. రోడ్డు ప్రాంతమున పనిచేయు ఒక ముదుసలి మేస్త్రి, మాట తీరునుబట్టి మదనపల్లె వైపు వాడని తెలియుచున్నది, పాత ప్లగ్గును క్రొత్త ప్లగ్గును ప్రక్కప్రక్కన నా అరచేతిలో పెట్టెను. "చూడండి సార్, తోమితే మసి పోతాది. మూల తిరిగి వస్తాదా?" అనెను. ఇరువది యేండ్లు విజ్ఞానశాస్త్రము బోధించిన నాకు ఆ ప్రశ్న అంతకుముందు ఎన్నడును తట్టలేదు.

ఇచ్చట మన చదువును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. మన పిల్లలు పరీక్షలో అంతర్దహన యంత్రమును గూర్చి రెండు పుటలు తప్పులేకుండ వ్రాయుదురు. సాయంకాలము ఇంటికి పోయి, తండ్రి "బండి మిస్సింగు కొడుతోంది, పికప్పు లేదు" అని విసుగుకొనగా, అది తాము వ్రాసిన యంత్రమే యని గుర్తింపరు. తెలుగులో నేర్చిన శాస్త్రము ఒక గదిలోను, కన్నడము, తెలుగు, ఉర్దూ, తమిళము కలగలిసిన గ్యారేజి మాట మరియొక గదిలోను ఉండిపోవుచున్నవి. రెంటి నడుమ తలుపు తీయుట ఉపాధ్యాయుల పని. ఆ తలుపునకు తాళపుచెవిగా పాత ప్లగ్గునకు మించినది నాకు దొరకలేదు. అది ఖర్చు లేనిది, చేతిలో ఇమడునది.

విప్పిన ప్లగ్గును ఎట్లు చూడవలెను? మొదట రంగు. పింగాణి కొన లేత గోధుమరంగునను లేక లేత బూడిదరంగునను ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది. చేతికి అంటు పొడి నల్లమసి యున్నచో పెట్రోలు ఎక్కువగను గాలి తక్కువగను పోవుచున్నవి. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకొనియుండవచ్చును. కేవలము చిన్న ప్రయాణములవలనను ఈ మసి పట్టును. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిమ్మటనే తన మసిని తానే కాల్చుకొనగలదు. ఇంటినుండి బడికి రెండు కిలోమీటర్లు ప్రాకి ఆగిపోవు కారులో దానికా వేడి యెక్కడిది? కార్బురేటరు గల పాత ప్రీమియర్ పద్మినుల వంటివానిని ప్రేమతో కాపాడుకొనుచున్నవారికి మరియొక సూచన: మన నగరము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇక్కడి గాలి పలుచన గనుక, చెన్నపట్టణమున సర్దిన కార్బురేటరు ఇక్కడ మసిని ఎక్కువ చేయును. నల్లగా, తడిగా, నూనె జిడ్డు ఉన్నచో పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఇంజనాయిలు లోనికి వచ్చుచున్నది. ప్లగ్గు ఎన్నిమారులు మార్చినను ఫలము లేదు. పాలవలె తెల్లనై బొబ్బలెక్కినచో మితిమీరిన వేడికి గురియైనదని అర్థము. దానిని చూచిన వెంటనే కారును మెకానిక్కునకు చూపవలెను. పింగాణిలో పగులు ఉన్నచో ఇక ఆలోచన అక్కరలేదు, పారవేయుడు.

రంగు చూచిన పిమ్మట మసి తుడిచి, అంచు చూడవలెను. అదే రకపు క్రొత్త ప్లగ్గును ప్రక్కన పెట్టుకొనక చూచుట వ్యర్థము. కన్ను దేనినైనను బాగున్నదనుకొనును. ఫిల్లర్ గేజితో సందు కొలిచి, కారు పుస్తకమున వ్రాసిన కొలతతో పోల్చవలెను. అంచు పదునుగా నుండి, సందు సరిగా నుండి, మసి మాత్రమే యున్నచో శుభ్రపరచి మరల వాడుట తప్పు కాదు. మసికి కారణమును వెదకుట మరువరాదు. అంచు గుండ్రనైనచో ఎంత తెల్లగా తోమినను అది ముసలి ప్లగ్గే. కొక్కెమును తట్టి సందు తగ్గించి వాడుదురు కొందరు. సందు తగ్గును గాని అంచు రాదు.

మార్చుట కష్టమైన పని కాదు. కాని పెద్దవారి తోడు లేక పిల్లలు పూనుకొనరాదు. ఇంజను పూర్తిగా చల్లారవలెను. సిలిండరు హెడ్డు అల్యూమినియముది. వేడిమీద విప్పినచో మరలు ఊడివచ్చు ప్రమాదమున్నది. ప్లగ్గు చుట్టునున్న దుమ్మును విప్పకముందే ఊదివేయవలెను, లేనిచో అది సిలిండరులో పడును. తీగలు తారుమారు కాకుండుటకు ఒక్కొక్కటిగా విప్పి, దాని స్థానమునకు తగిన అంకె వేసియుంచుకొనవలెను. క్రొత్తదానిని మొదట వ్రేళ్లతోనే త్రిప్పి ఎక్కింపవలెను; పానా పట్టినచో మర అడ్డముగా ఎక్కినను తెలియదు. వాషరు గల క్రొత్త ప్లగ్గు వ్రేళ్లతో కూర్చుండిన పిమ్మట అర చుట్టు లేక కొంచెము ఎక్కువ చాలును. వాషరు లేక ఏటవాలు అంచుతో కూర్చుండు రకములకు అందులో ఎనిమిదవవంతు త్రిప్పు చాలును. బలము చూపువారి చేతిలోనే మరలు చెడుచున్నవి. ప్లగ్గుపై వ్రాసిన రకపు సంఖ్య పుస్తకములోనిదే కావలెను, ఏలయన ప్లగ్గు ఎంత వేడిని ఓర్చి పంపవలెనో ఆ సంఖ్యయే తెలుపును.

"ఇప్పుడు ఇరిడియము ప్లగ్గులున్నవి, లక్ష కిలోమీటర్లు చూడనక్కరలేదు" అని కొందరందురు. ఇరిడియము కరగుటకు రెండువేల నాలుగువందల డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. నికెల్ 1,455 డిగ్రీలకే కరగును. కావున కొనను సూదివలె సన్నగా చేసినను అది చిరకాలము నిలుచును. కారు తయారుచేసినవారు అంగీకరించిన యెడల, దినమంతయు తిరుగు టాక్సీవానికి అవి ఎక్కువ వెలకు తగినవే యని నేనును ఒప్పుకొందును. అయినను మసియు నూనెయు ఇరిడియమును మన్నింపవు. లక్ష కిలోమీటర్లు విప్పకుండుటయన ఇంజను చెప్పు మాటను లక్ష కిలోమీటర్లు వినకుండుటయే. ఆ సన్నని కొనను ఇనుప బ్రష్షుతో తోమినచో విరుగును గనుక, తోముడు అలవాటు వానికి మరింత కీడు.

"ఇదంతయు మెకానిక్కు పని, మనకేల" అనువారును కలరు. మెకానిక్కే విప్పవలెను, అతడే బిగింపవలెను. దానికి నేను అడ్డు చెప్పను. కాని విప్పిన పాత ప్లగ్గును అడిగి తీసికొని చూచుటకు మనకు చదువు ఉన్నది, కన్ను ఉన్నది. అడుగువాడున్నచో పనివాడును జాగ్రత్తగా చేయును, మంచి పనివాడు సంతోషించును. విద్యుత్తు కార్లు వచ్చుచున్నవి గదా యని తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్ను అడిగెను. వచ్చుచున్నవి, మంచిదే. అతని తండ్రి ఆటోకు ఇంకను అప్పు తీరలేదు.

మన ప్రయోగశాలలోని గాజు బీరువాలో క్రింది అర ఖాళీగా నుండెను. దానిలో నా కారు మూడు ప్లగ్గులను పెట్టితిని. వానికి కట్టిన చీటీలపై వాహనము పేరు, తిరిగిన కిలోమీటర్లు, కొలిచిన సందు, కనబడిన రంగు, దాని కారణము తెలుగునను కన్నడమునను వ్రాసితిని. ఇంటివద్ద ప్లగ్గులు మార్చినపుడు పాతవానిని పారవేయక, తుడువక, ఉన్నవి ఉన్నట్లుగా కాగితములో చుట్టి తెండు. నూనె పట్టినది ఒకటియు, తెల్లగా కాలినది ఒకటియు ఇంకను మాకు దొరకలేదు.